గుంటకు రాత్రి లేదు, మనిషికి ఉండాలి!

నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో తెల్లవారుజామున మూడు గంటలకు ప్రయాణం చేసినవారికి ఒక సంగతి తెలుసు. ఊళ్ళన్నీ నిద్రపోతుంటాయి. రొయ్యల గుంటల గట్లమీద మాత్రం దీపాలు వెలుగుతుంటాయి. నీళ్ళను చిలికే ఏరియేటర్ల చప్పుడు చాలాదూరం వినిపిస్తుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపే యజమానికి నిద్ర. ఆగిందా, ఇంట్లో ఫోను మోగుతుంది.

అలా ఫోనుకు ఒక చెవి అప్పగించి పడుకొనే పెద్దమనిషిని ఒకరిని నేనెరుగుదును. పేరు చెప్పను, చెబితే రేపు ఇందుకూరుపేట బస్సులో నన్ను నిలదీస్తారు. ఆయనకు మూడు గుంటలు ఉన్నాయి. “ఎలా ఉన్నారండీ?” అని అడిగితే “గుంటలు బాగానే ఉన్నాయి” అంటారు. తన మాట ఎత్తరు. వారి ఇల్లాలు మాత్రం ఊరుకోలేదు. “రొయ్యలకు వేళకు నాలుగుసార్లు మేత పడుతోంది. ఈయన వేళకు అన్నం తిని ఎన్నాళ్ళయిందో అడగండి!” అన్నది.

గుంట కావచ్చు, కొట్టు కావచ్చు, చిన్న కార్ఖానా కావచ్చు, స్వంత వ్యాపారం పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ ఫిర్యాదు ఉన్నదే. దీనికి మందు లేకపోలేదు.

ఎందుకీ జాగరణ?

పగలు ఎండలో నీటిలోని నాచుమొక్కలు ప్రాణవాయువును తయారు చేస్తాయి. రాత్రి అవే మొక్కలు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్న తక్కువగా ఉంటుంది. కరెంటు పోవడమో, జనరేటరు మొరాయించడమో సరిగ్గా అప్పుడే జరిగితే మూడు నాలుగు నెలల కష్టం ఒక్క తెల్లవారుజామున నీళ్ళపాలవుతుంది. కనుక భయం ఉత్త భయం కాదు. అయితే భయపడినంత మాత్రాన ప్రాణవాయువు పెరగదు గదా!

ఈ తీరం చూసిన ఎగుడుదిగుళ్ళు కూడా తక్కువేమీ కావు. 1990 తర్వాత టైగరు రొయ్య సిరులు కురిపించింది. 1994లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి ఎందరినో అప్పుల్లో ముంచింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల పెంపకంపై కఠినమైన తీర్పు చెప్పింది. 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకు అనుమతి దొరికి, వ్యాపారం మళ్ళీ లేచింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుమీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎక్కడో వాషింగ్టనులో పడిన సంతకానికి ఇక్కడి గట్లమీద గుండెలు దడదడలాడాయి.

వ్యాధి, వాన, సుంకం — ఇవేవీ మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి మన పుస్తకం, మన సంచి, మన నిద్ర. వాటి మాట చూద్దాం.

పుస్తకం

“అంతా బుర్రలో ఉన్నదండీ” అనేవారు చాలామంది. బుర్రలో ఉన్నది నిద్ర లేనినాడు చెదిరిపోతుంది. గుంటకొక పుస్తకం పెట్టండి. ఉదయం, సాయంత్రం నీటి పరీక్షలు, వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలిన మేత, వాడిన మందు, అయిన ఖర్చు రోజూ వ్రాయండి. పది నిమిషాల పని.

లాభమేమిటంటారా? కిలో రొయ్యకు కిలోమూడువందల గ్రాముల మేతతో సరిపోవలసిన చోట కిలో ఆరువందలు పడుతోందనుకోండి. నాలుగు టన్నుల పంటకు 1,200 కిలోలు అదనం. అంటే పాతిక కిలోల బస్తాలు 48! పుస్తకం లేనివారికి ఆ 48 బస్తాలు కనిపించవు. పైగా క్లోరాంఫెనికాల్ వంటి నిషేధించిన మందుల ఆనవాలు దొరికితే విదేశాలు సరుకును తిప్పి పంపుతాయి. ఏనాడు ఏమి వాడామో చెప్పడానికి ఆ పుస్తకమే మనకు సాక్షి.

రెండు సంచులు

గుంట డబ్బు, ఇంటి డబ్బు ఒకే సంచిలో ఉండకూడదు. పంట వచ్చిననాడు ఇంట్లో కారు, పంట పోయిననాడు ఇల్లాలి గాజులు తాకట్టు — ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. బ్యాంకులో రెండు ఖాతాలు ఉంచండి. గుంట నుంచి నెలకింత అని జీతంలాగా ఇంటికి ఇవ్వండి, మిగిలింది గుంటదే. పిల్లల చదువు, ఇంటి పత్రాలు ఏ పరిస్థితిలోనూ గుంటలోకి దిగకూడదు.

పొదుపు విషయంలో మన జిల్లా ఆడవారు ఒకరివద్ద నేర్చుకోవలసినవారు కారు. 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడిన తర్వాత, ఈ జిల్లా పల్లెల్లో స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచి సంఘాలు నడిపారు. అంతటి లెక్క తెలిసినవారిని పక్కన పెట్టుకొని, అప్పు సంగతి ఇంట్లో దాచడం అవివేకం. నెలకొకసారి ఇద్దరూ కూర్చొని పుస్తకం చదవండి.

చల్లని వేళ నిర్ణయం

కిలోకు వంద తూగే రొయ్య ఒక్కొక్కటి పది గ్రాములు. యాభై తూగేది ఇరవై గ్రాములు. పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. మేత ఖర్చు, వ్యాధి భయం కూడా పెరుగుతాయి. “ఇంకొక్క వారం ఆగుదాం” అన్న ఆశ ఎన్ని పంటలు ముంచిందో గట్టుమీద ఎవరినడిగినా చెబుతారు.

అందుచేత పిల్ల వదిలేనాడే, మనసు నిదానంగా ఉన్నప్పుడే, మూడు అంకెలు వ్రాసుకోండి: ఈ పంటలో పెట్టదలచిన మొత్తం, దాటకూడని అప్పు, ఏ తూకం వచ్చినా ఏ చిహ్నం కనిపించినా వల వేయాలన్న హద్దు. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వానలు, తుపానులు వచ్చే కాలం. ఆకాశం నల్లబడిన తర్వాత ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్లే.

నిద్ర వంతు

రాత్రి కాపలాకు వంతులు వేయండి. భాగస్థుడుంటే అతనితో, లేకపోతే నమ్మకస్తులైన ఇద్దరు పనివారితో. వారికీ నిద్ర కావాలని మరవకండి. షెడ్డు గోడమీద ఒక కాగితం అంటించండి: “ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గుతుంటే అన్ని ఏరియేటర్లూ వేయాలి. కరెంటు పోతే వెంటనే జనరేటరు. ఇంత చేసినా కుదుటపడకపోతేనే ఫోను.” చేసే అధికారం ఇవ్వకుండా కాపలా పెడితే, కాపలా మనదే అవుతుంది.

నేనెరిగిన ఆ పెద్దమనిషి ఈ మాట ఒకటి ఆచరించి చూశారు. మొదటి వారం ఫోను మోగకపోయినా మూడు గంటలకు తనంతట తానే మేలుకొని, కిటికీ దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డారట. రెండో వారం మేలుకున్నారు గాని లేవలేదు. మూడో వారం సంగతి వారి ఇల్లాలే చెప్పింది: “గురక పెట్టారండీ!”

పంట తీసిన తర్వాత గుంటను ఎండగడతాం. నేల బీటలు వారేదాకా నీరు పెట్టం; అలా ఎండితేనే రాబోయే పంటకు మేలని చిన్న రైతు మొదలు పెద్ద రైతు దాకా అందరికీ తెలుసు. ఆ ఖాళీ రోజుల్లో అయినా యజమాని ఫోను పక్కన పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకొని మైపాడు ఇసుకలో ఒక సాయంత్రం కూర్చోవాలి. గుంటకు ఇచ్చే విశ్రాంతి మనిషికి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.