సంతలో పదునెక్కిన చూపు

టెక్సాస్ వ్యవసాయ ప్రదర్శనలలో ఎత్తైన మూపురముతో, వ్రేలాడు గంగడోలుతో నిలుచు బ్రాహ్మన్ ఆబోతును మీలో కొందఱు చూచియే యుందురు; గిర్, గుజరాత్ జాతులతోపాటు మన ఒంగోలు గిత్తయు దాని పూర్వులలో నొకటి. 1868లో ఒక యోడ సాల్వడోర్ రేవున దించిన జంట మొదలుకొని బ్రెజిల్ చేరిన ఈ ఒంగోలు జాతి, నెల్లూరు పేరిట ‘నెలోర్’ అనిపించుకొని, నేడు ఆ దేశపు పశుసంపదలో అగ్రస్థానమున నున్నది.

ఈ జాతిని తీర్చినది గుండ్లకమ్మ పరిసరముల సేద్యగాండ్రు తరతరములుగా చేసిన ఎంపిక. అందుకు వలసిన చూపు వారికి పదునెక్కినది పశువుల సంతలందును, తిరునాళ్ళయందును. సంతలో కోడెను కొనదలచిన రైతు ముందుగా దాని పెదవులు విడదీసి పండ్లు చూచును. రెండేండ్లు దాటిన పిదప పాలపండ్లు ఊడి రెండు పెద్దపండ్లు వచ్చును. అటుపై నాలుగు, ఆఱు. ఎనిమిదియు నిండినచో ఎదుగుదల ముగిసినట్లే లెక్క. పిదప సుళ్ళు పరికించి, గిట్టలు తట్టి, నాలుగడుగులు నడిపించి చూచును. ఇదంతయు పదుగురి నడుమ, పదుగురి వాదప్రతివాదముల నడుమ సాగును గనుక, తండ్రి వెంట వచ్చిన కుఱ్ఱవాడు సైతము ఆ విద్యను వినికిడిచేతనే గ్రహించును. వెల మాత్రము పైకి పలుకరు. దళారి పైగుడ్డ మాటున వ్రేళ్ళు పట్టి బేరము నడపును. ఈ గోప్యమును నేను తప్పుపట్టను. బేరము తెగకున్నను ఎవరి పరువునకును భంగము కలుగదు గదా!

సంక్రాంతికి, శివరాత్రికి గుంటూరు, ప్రకాశము, కర్నూలు, నల్లగొండ సీమలలో జరుగు బండలాగుడు పోటీలందును పండ్లను బట్టియే విభాగములు. నిర్ణీత సమయమున జత యెన్ని అడుగులు లాగెనో కొలిచి బహుమతి నిత్తురు. ట్రాక్టరు వచ్చి దుక్కికి ఎద్దు అక్కఱ తగ్గినను, ఉలవలు ఉడికించి పెట్టి ఈ జతలను మేపు రైతులను దుబారామనుష్యులని కొందఱందురు. కాని ఆ రైతుల పట్టుదలయే లేకున్న, గ్రామములలో ఒంగోలు గిత్త మఱింత అరుదయ్యెడిది. అయినను బహుమతికై మూగజీవమును చర్నాకోలతో హింసించుట ఏ తిరునాళ్ళలోనైనను క్షమింపరానిది.

మీరు పండుగకు తాతగారి యూరు వచ్చినపుడు, పోటీ ముగిసిన పిదప ఎద్దులను కట్టిన చెట్ల క్రిందికి పోయి, ‘ఎన్ని పండ్లండీ?’ అని ఆ రైతును అడుగుడు. అతడు ఎద్దు నోరు తెఱచి చూపుటయే గాక, దాని తల్లి యే యూరి ఆవో, తండ్రి యెవరి యింటి ఆబోతో కూడ చెప్పును.