ఉప్పు నేలలో వరికి హార్మోన్ల ఊతం ఎంతవరకు?

సముద్రానికి దగ్గరగా, కాలువ నీరు ఆలస్యంగా చేరే కృష్ణా డెల్టా శివారు పొలాల్లో వరి ఆకుల కొసలు తెల్లబారి చుట్టుకుపోవడం, మడిలో అక్కడక్కడ మొక్కలు చచ్చి ఖాళీలు పడటం రైతులకు కొత్త కాదు. మట్టిలో ఉప్పు సాంద్రతను తెలిపే ఇ.సి. 3 దాటాక, పెరిగే ఒక్కో యూనిట్‌కు వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని దశాబ్దాలుగా వాడుకలో ఉన్న అంచనా. ఈ నష్టానికి విరుగుడుగా పెరుగుదల నియంత్రకాలను, అంటే మొక్క తనలో తయారుచేసుకునే హార్మోన్లను, వాటిని పోలిన పదార్థాలను స్వల్ప మోతాదులో అందించడాన్ని సూచిస్తున్నారు. వాటిని కొట్టిపారేయనక్కర్లేదు. అయితే వాటి అసలు చోటు విత్తనం దగ్గర, నారుమడిలో. ఉప్పును కడిగే నీటికి అవి బదులు కావు.

ఉప్పు వరిని రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. మట్టి నీటిలో లవణాలు ఎక్కువైతే మడి నిండా నీళ్లున్నా వేరు తాగలేదు. ఆపైన సోడియం ఆకుల్లోకి చేరి, పొటాషియం చేయాల్సిన పనులకు అడ్డుపడుతుంది. ఇక్కడే హార్మోన్లు అక్కరకొస్తాయి. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఆకు రంధ్రాలను మూయించి నీటిని కాపాడుతుంది. శాలిసిలిక్ ఆమ్లం, బ్రాసినోస్టిరాయిడ్లు కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలను అణచే ఎంజైములను చురుకు చేస్తాయి. ఇలాంటి పదార్థాల ద్రావణాల్లో నానబెట్టిన విత్తనాల మొలకలు ఉప్పునీటిలో మెరుగ్గా ఎదిగాయని ఎన్నో ప్రయోగాలు చూపాయి. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ పొట్ట, పూత దశల్లో లొంగిపోతుంది. రైతులు ఎలాగూ విత్తనం నానబెట్టి మండె కడతారు కనుక, నారుకు ముందే బలమివ్వడానికి అదనపు కూలీ అక్కర్లేదు.

అంత ఫలితముంటే పొలమంతా పిచికారీ చేయకూడదా అని అడగవచ్చు. ఆ ప్రయోగాల్లో చాలావి కుండీల్లో, ఒకే గాఢత ఉప్పునీటితో, కొన్ని వారాలు సాగినవి. పొలంలో ఉప్పు వానకు దిగుతుంది, ఎండకు పైకి ఎగబాకుతుంది. మోతాదు తప్పితే మేలు కీడవుతుంది. జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఎక్కువైన పైరు సన్నగా సాగి పడిపోతుంది. బకానే తెగులు సోకిన వరి అలా సాగడానికి శిలీంధ్రం విడిచే పదార్థమే కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపడంతోనే ఆ హార్మోను కథ మొదలైంది.

ఉప్పునీరు బయటికి పోవాల్సిన మురుగు కాలువ పూడిక తీయించడం ఒక్క రైతు చేతిలో లేదు, ఈలోగా చేతికందిన మందైనా వాడనివ్వండి అనే మాటలో న్యాయముంది. ఆ రైతు డబ్బు వృథా కాకూడదనే ముందు మట్టి పరీక్ష కావాలంటున్నాను. పాలచౌడు, అంటే లవణాలు పేరుకున్న నేల అయితే మంచినీటితో కడిగి, ఆ నీరు బయటికి పోయే దారి చూడాలి. కారుచౌడుకు, అంటే సోడియం పట్టిన క్షార నేలకు జిప్సం, జీలుగ పచ్చిరొట్ట కావాలి. మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం 100 వంటి ఉప్పును తట్టుకునే రకం వేసి, దానికి తోడుగా విత్తనాన్ని హార్మోను ద్రావణంలో నానబెడితే పెట్టిన ఖర్చుకు అర్థముంటుంది. మొదటి ఏడు మందు తగలని మడి ఒకటి పక్కనే ఉంచి, కోతనాడు రెండింటి ధాన్యం తూచి చూసుకోవాలి.