పందుల మురుగులో పచ్చని పంట - ఎవరి గాదెలోకి?

అమెరికాలో ఉత్తర కరొలినా రాష్ట్రం పందుల పెంపకానికి పేరు. అక్కడ ఎక్కువ చోట్ల పందిపిల్ల కంపెనీది, మేత కంపెనీది, పెరిగాక తోలుకుపోయేదీ కంపెనీయే. కాంట్రాక్టు రైతుకి మిగిలేవి రెండే: షెడ్ల మీద అప్పు, పెంట. ఆ పెంటను నీళ్లతో కడిగి పెద్ద పెద్ద గుంటల్లో నిలవేస్తారు. నిండితే పొలాల మీద చిమ్ముతారు. ఆ కంపు ఎక్కువగా పీల్చేది పక్కనున్న పేద నల్లజాతి కుటుంబాలు. 1999లో ఫ్లాయిడ్ తుపానుకీ, 2018లో ఫ్లోరెన్స్ తుపానుకీ గుంటలు పొంగి, కొన్నిటి గట్లు తెగి, మురుగు ఏళ్లలో కలిసింది.

ఈ మురుగుకి మందుగా డక్‌వీడ్ అనే మొక్కను చెబుతున్నారు. కుంటల మీద పచ్చగా పరుచుకునే, గోరంత కూడా లేని ఆకు మొక్క. నీటిలోని నత్రజని, భాస్వరం తిని పెరుగుతుంది. అంతా అనుకూలిస్తే రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. మురుగు మరీ ఘాటైతే మొక్కే చస్తుంది, పలచన చెయ్యాలి. సారమున్న నీటిలో పెరిగితే మాంసకృత్తులు ఎక్కువ, మేతకి పనికొస్తుంది. అదే మొక్కను సారం లేని నీళ్లలో కొన్నాళ్లుంచితే పిండిపదార్థం పెరుగుతుంది. దాన్ని పులియబెడితే ఇథనాల్ ఇంధనం. ఎకరానికి మొక్కజొన్న కన్నా 5, 6 రెట్లు పిండిపదార్థం రాగలదని 2009లో ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు.

వినడానికి బాగానే ఉంది. మరి చాకిరీ ఎవరిది? 100 కిలోల పచ్చి మొక్కలో 90 కిలోలకు పైగా నీళ్లే. రోజూ తియ్యాలి, మొయ్యాలి, ఆరబెట్టాలి. పందుల మేతలో కలిపే రాగి, జింకు మురుగులోంచి మొక్కలోకి ఎక్కుతాయి. రోగక్రిములూ అంటుకుంటాయి. పరీక్ష లేకుండా పశువుకి వెయ్యరాదు. ఉత్త చేతులతో కూలీని ఆ గుంటలో దించరాదు.

అసలు తిరకాసు ఇంకొకటుంది. పంది నాదన్న కంపెనీ పెంట నీదంది. పెంట డబ్బయిన నాడు అదీ నాదే అనదా? ఆ గుంటలకి కప్పు వేసి మీథేన్ గ్యాసు పట్టి అమ్మే వ్యాపారం అక్కడ ఇప్పటికే సాగుతోంది. గుంటలు మాత్రం పోలేదు, పక్కవాళ్లకి కంపూ తప్పలేదు.

మన పల్లెల్లోనూ అజొల్లా తొట్లు పెట్టుకోమంటున్నారు. మంచిదే. నాలుగు గేదెలున్న ఆసామికి అది మేత ఖర్చులో ఆసరా. కానీ వందల పశువుల డెయిరీలు ఇలాంటి మాట ఎత్తుకుని వచ్చినప్పుడు మనం మూడు సంగతులు అడగాలి: మురుగు బాధ్యత ఎవరిది, కూలి ఎంత, లాభంలో వాటా ఎవరికి? మొక్కది తప్పేం లేదు. అది మురికి తిని మేత ఇస్తుంది. మన కష్టం తిని మనకి మురికి మిగిల్చేవాళ్లతోనే మన పేచీ.