చాందాలో అక్టోబరు 16



చైత్రమాసంలో మహాకాళి జాతరకు చాందా వెళ్ళివచ్చేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చంద్రపూర్ అని పేరు మారి దశాబ్దాలు గడిచినా మన నోట అది చాందాయే గదా! అదే ఊళ్ళో ఏటా అక్టోబరు 15, 16 తేదీల్లో మరో పెద్ద కూడిక జరుగుతుంది. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు, పిల్లాపాపలతో, రైళ్ళలోనూ బస్సుల్లోనూ దిగుతుంటాయి. వాళ్ళు వెళ్ళేది దీక్షాభూమికి. అక్కడ మొక్కుబడులుండవు, బలులుండవు. తమ పెద్దలు తరతరాల బానిసత్వం నుంచి బయటపడిన రోజుగా వాళ్ళు ఆ రోజును తలచుకుంటారు.

బానిసత్వమంటే మనుషులను సంతలో అమ్మడం గదా, అది మన దగ్గరెక్కడిది అని మీరు అడగవచ్చు. నిజానికి అమ్మకాలూ ఉండేవి. బానిసపై యజమానికున్న హక్కును కోర్టులు గుర్తించకూడదని 1843లో చట్టం వచ్చింది. అయితే సంత లేకుండా, సంకెల లేకుండా సాగిన బానిసత్వం ఇంకొకటి ఉంది. దాని పేరు మన పెద్దలకు బాగా తెలుసు: వెట్టి. దొర కబురు పెడితే చేతిలో పని వదిలి పోవాలి. అధికారి ఊళ్ళోకి వస్తే సామాను మోయాలి, గుర్రానికి గడ్డి కోయాలి. కూలి అడిగే మాటే లేదు. అటు బొంబాయి ఇలాకాలో 'మహార్ వతన్' అని ఉండేది. కొద్దిపాటి భూమి చేతిలో పెట్టి, దానికి బదులు రాత్రనక పగలనక సర్కారు పనికీ ఊరి పనికీ పిలిచేవారు. పిలిచినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే ఇంకొకరు పోవాలి. ఆ చెక్క భూమి కోసమే జనం దాన్ని వదులుకోలేకపోయేవారు. దీన్ని మార్చాలని డాక్టర్ అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. ఆ వతన్లు చట్టరీత్యా రద్దయింది మాత్రం 1958లో, ఆయన పోయాక.

అంబేడ్కర్ ఒకచోట బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. బానిస యజమానికి సొత్తు. సొత్తు పాడవకుండా తన లాభం కోసమైనా యజమాని తిండి పెడతాడు. అంటరానివాడికి ఆ పూచీ కూడా లేదు. పైగా అది పుట్టుకతో వచ్చేది. అందుకే రెండోదే మరింత చెడ్డదని ఆయన తేల్చారు. కటువుగా వినిపించినా కొట్టిపారేయలేని తర్కం.

ఇక 1956కు వద్దాం. అక్టోబరు 14, దసరా రోజున నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించి, లక్షల మందికి దీక్ష ఇచ్చారు. రెండు రోజుల తర్వాత, ఆరోగ్యం బాగా లేకపోయినా, చాందా వచ్చి ఇక్కడివాళ్ళకు దీక్ష ఇచ్చారు. చాందాకే చెందిన బారిస్టర్ రాజాభావు ఖోబ్రగడే ఇక్కడ ముందుండి నడిపినవారిలో ఒకరు. తరువాతి కాలంలో ఆయన రాజ్యసభ ఉపాధ్యక్షులయ్యారు. నాగపూర్ ఉత్సవం దసరా తిథిని బట్టి జరుగుతుంది కాబట్టి తేదీ ఏటా మారుతుంది. చాందాలో తేదీ మారదు. నాగపూర్‌ది ధమ్మచక్ర ప్రవర్తన దినం, అంటే చక్రం కదిలిన రోజు. చాందాది అనుప్రవర్తన దినం, కదిలిన చక్రం వెంట నడిచిన రోజు.

సరిహద్దువాళ్ళం కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆనాటికి చాందా మధ్యప్రదేశ్‌లో ఉంది. వార్ధా నది దాటితే రాజురా. అది హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. పదహారు రోజులకు, నవంబరు 1న, రెండూ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. ఆపైన 1959లో రాజురా చాందా జిల్లాకు వచ్చింది. గీతలు మారుతున్న ఆ రోజుల్లోనే ఈ జనం తమ బతుకు గీతను తామే మార్చుకున్నారు.

ప్రపంచంలో ఇలాంటి పండుగలు ఇంకా ఉన్నాయి. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ రోజు అక్కడ సెలవు. బానిసలు పోయిన చెరకు తోటల్లోకే తర్వాత కోరంగి వంటి రేవుల నుంచి మన తెలుగువాళ్ళు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. అమెరికాలో టెక్సాస్ నల్లవాళ్ళకు విడుదల ఉత్తర్వు 1865 జూన్ 19న చదివి వినిపించారు. ఆ రోజును వాళ్ళ సంతతి పండుగ చేసుకుంటుంది. ఆ రెండుచోట్లా ఉత్తర్వు పైనుంచి వచ్చింది. చాందాలో అలా కాదు. అంటరానితనాన్ని, వెట్టిని నిషేధించిన రాజ్యాంగం 1950లోనే అమల్లోకి వచ్చింది. అయినా ఊళ్ళో బావి దగ్గర మార్పు రాలేదు. ఆరేళ్ళు చూసి, తమ మాట తాము చెప్పుకున్నారు. పాత దేవతలను కొలవం, మనుషులందరూ సమానమని నమ్ముతాం, తాగం, దొంగతనం చేయం అంటూ 22 ప్రతిజ్ఞలు. ఇది తమకు కొత్త పుట్టుక అన్నది కూడా వాటిలో ఉంది.

ఆ మాటకు వాళ్ళు చెల్లించిన మూల్యం గురించి మనం ఎక్కువగా వినం. షెడ్యూల్డు కులాల జాబితా అప్పట్లో హిందువులకు, సిక్కులకు మాత్రమే వర్తించేది. బౌద్ధులమని రాయించుకుంటే కేంద్ర ఉద్యోగాల్లో రిజర్వేషను పోతుంది. ఇంట్లో బుద్ధుడి పటం, సర్టిఫికెట్ మీద పాత కులం. ఏది రాయాలన్నది ప్రతి తండ్రికీ సంకటమే. అయినా నేటి మహారాష్ట్ర ప్రాంతంలో 1951 జనాభా లెక్కల్లో రెండున్నర వేలున్న బౌద్ధులు 1961 నాటికి దాదాపు 28 లక్షలయ్యారు. నష్టమని తెలిసీ రాయించుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో! ఆ నిబంధన 1990లో మారింది, అంటే దీక్ష జరిగిన 34 ఏళ్ళకు. అంబేడ్కర్ మాత్రం చాందా దీక్ష తర్వాత రెండు నెలలైనా గడవకముందే, డిసెంబరు 6న కన్నుమూశారు.

దీక్షాభూమి ఆవరణలోనే ఇప్పుడు ఆయన పేరిట కళాశాల నడుస్తోంది. అక్టోబరు 16న చాందాలో పని పడితే ఒకసారి అటు వెళ్ళి రండి.