మాక్యులా క్షీణత చికిత్స తరువాత రెటీనా పనితీరు పరీక్షలు

వయసు పైబడిన వారిలో వచ్చే మాక్యులా క్షీణతకు చికిత్స చేసిన తరువాత, రెటీనా (నేత్రపటలం) వెలుతురుకు ఎంతవరకు స్పందిస్తున్నదో, చూపు ఎంత మిగిలి ఉన్నదో తెలుసుకొనుటకు చేసే పరీక్షలే రెటీనా పనితీరు పరీక్షలు. రెటీనాలో వాపు తగ్గినంత మాత్రాన చూపు పూర్తిగా తిరిగివచ్చినట్లు కాదు. అందువలన రెటీనా ఆకృతిని, పనితీరును వేర్వేరుగా పరిశీలించవలసి ఉంటుంది.

నేపథ్యం

రెటీనా మధ్యలో సుమారు 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రాంతాన్ని మాక్యులా అంటారు. చదవడానికి, ముఖాలను గుర్తు పట్టడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఇదే ఆధారం. మాక్యులా క్షీణత సాధారణంగా 50 ఏళ్ళు దాటిన వారిలో కనిపిస్తుంది. ఇది పొడి రకం, తడి రకం అని రెండు విధాలు. తడి రకంలో రెటీనా క్రింద అసహజమైన రక్తనాళాలు పెరిగి, వాటి నుండి ద్రవం, రక్తం కారుతాయి. ఈ పెరుగుదలను ప్రేరేపించే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనును అడ్డుకొనే మందును కంటిలోనికి ఇంజెక్షను ద్వారా ఎక్కిస్తారు. ఇటువంటి మందులలో రానిబిజుమాబ్‌కు 2006లో, అఫ్లిబెర్సెప్ట్‌కు 2011లో అమెరికాలో అనుమతి లభించింది.

ముఖ్యమైన పరీక్షలు

* అక్షరాల పటం: ఇ.టి.డి.ఆర్.ఎస్. పటంలో ప్రతి వరుసకు 5 అక్షరాలు ఉంటాయి. రోగి అదనంగా 15 అక్షరాలు చదవగలిగితే, మునుపటి కంటే సగం పరిమాణం గల అక్షరాన్ని గుర్తించగలుగుతున్నాడని అర్థం. 2006లో ప్రచురితమైన మరీనా అధ్యయనంలో, ఏడాది తరువాత 15 అక్షరాల కంటే తక్కువ నష్టంతో బయటపడినవారు రానిబిజుమాబ్ పొందినవారిలో సుమారు 95 శాతం, మందు లేని ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో సుమారు 62 శాతం.
* కాంట్రాస్టు పరీక్ష: పెల్లి-రాబ్సన్ పటంలో అక్షరాల పరిమాణం మారదు. మూడేసి అక్షరాలకు ఒకసారి వాటి నలుపు పలచబడుతుంది. మసక వెలుతురులో మెట్లు కనబడకపోవడం వంటి ఇబ్బందులను ఇది బయటపెడుతుంది.
* మైక్రోపెరిమెట్రీ: కంటి కదలికలను అనుసరిస్తూ, రెటీనాపై ఎంచుకున్న బిందువులలో చిన్న వెలుగు చుక్కలను చూపుతారు. రోగికి కనబడిన అతి సన్నని వెలుగును బట్టి ఒక్కొక్క బిందువు స్పందనను డెసిబెల్లలో నమోదు చేస్తారు.
* మల్టీఫోకల్ ఈ.ఆర్.జి.: తెరపై అనేక షడ్భుజాలు వేర్వేరు క్రమాలలో మిణుకుమంటుండగా, రెటీనాలోని ఒక్కొక్క భాగం నుండి వచ్చే విద్యుత్ స్పందనను విడదీసి లెక్కకడతారు. ఈ పద్ధతిని 1992లో ఎరిక్ సట్టర్, ట్రాన్ వివరించారు. సాధారణ ఈ.ఆర్.జి. రెటీనా మొత్తపు స్పందనను ఒక్కటిగా చూపుతుంది కనుక, మాక్యులాకు మాత్రమే పరిమితమైన లోపం అందులో బయటపడకపోవచ్చు.

ఫలితాల అన్వయం

ఓ.సి.టి. చిత్రం రెటీనా పొరల మందాన్ని, ద్రవాన్ని చూపుతుంది కాని చూపును కొలవదు. ద్రవం ఇంకిపోయినా, కాంతిని గ్రహించే కణాలు అప్పటికే నశించి ఉంటే లేదా మచ్చ ఏర్పడి ఉంటే ఆ భాగంలో స్పందన తిరిగి రాకపోవచ్చు. ఇందుకు విరుద్ధంగా, అక్షరాలు బాగానే చదువుతున్న కంటిలో కూడా ద్రవం మళ్ళీ చేరవచ్చు. అక్షరాల పటం ముఖ్యంగా మాక్యులా నడిమి బిందువు శక్తినే తెలుపుతుంది. దాని చుట్టూ చూపు లేని మచ్చలు ఉంటే, పటంపై అక్షరాలు చదివిన వ్యక్తే పుస్తకంలో వాక్యం చదవలేక తడబడవచ్చు.

వైద్యశాలలలో ఇంజెక్షన్ల నిర్ణయానికి ప్రధానంగా అక్షరాల పటం, ఓ.సి.టి. ఆధారమవుతాయి. మైక్రోపెరిమెట్రీ, మల్టీఫోకల్ ఈ.ఆర్.జి. పరిశోధనలలో ఎక్కువగా వాడబడుతున్నాయి. శుక్లం కూడా ఫలితాలను తగ్గించగలదు కనుక దానిని విడిగా గమనించాలి. చూపు మెరుగుపడలేదని రోగి తనంతట తాను చికిత్స మానివేయడం ప్రమాదకరం. తడి రకంలో ఉన్న చూపును నిలుపుకోవడం కూడా చికిత్స ఫలితమే.

ఇంటివద్ద పరిశీలన

ఆమ్స్లర్ గడుల పటాన్ని చదువుకొనే కళ్ళద్దాలతో, సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, ఒక కన్ను మూసి రెండవ కంటితో చూడాలి. గీతలు కొత్తగా వంకరగా కనిపించినా, కొన్ని గడులు మాయమైనా వెంటనే నేత్రవైద్యుని సంప్రదించాలి.