ఒక్క పోగు, రెండు సూదులు

మన యిండ్లలో నిత్యము వాడు వస్త్రములు రెండు విధములుగా పుట్టుచున్నవి. చీర, పంచె, దుప్పటి మగ్గముమీద పుట్టినవి. వానిలో పడుగు నిలువుగా సాగును, పేక అడ్డముగా దూరును. బనియను, మేజోడు, స్వెట్టరు అల్లికచే పుట్టినవి. వానిలో పడుగును లేదు, పేకయు లేదు. చేతి అల్లికలో ఉన్నది ఒక్క పోగు. ఆ పోగే ఉచ్చులో ఉచ్చుగా తనలో తాను చిక్కుకొని బట్ట యగుచున్నది.

ఈ భేదమునుండి రెండు గుణములు కలిగినవి. మొదటిది సాగుట. లాగినప్పుడు ఉచ్చు వెడల్పగును, విడిచినప్పుడు మరల ముడుచుకొనును. కావుననే మేజోడు మడమ దాటి లోనికి పోయి, చీలమండను పట్టుకొని నిలుచును. రెండవది విప్పుటకు వీలగుట. నేసిన బట్టను విప్పినచో తునుకలు మిగులును. అల్లిన బట్టను ముగింపుకొస పట్టి లాగినచో, మొదట చేతికి తీసికొనిన దారమే మరల చేతికి వచ్చును. ఈ రెండవ గుణమును గూర్చి పలువురు తలంచరు. నా మట్టుకు అల్లికలోని గొప్పతనమెల్ల దానియందే కలదు.

“మన ఉష్ణదేశములో ఊలుతో పనియేమి?” అని అడుగువారు కలరు. అల్లిక చలిదేశముల సొత్తు కాదు. నేటికి మిగిలియున్న ప్రాచీనమైన అల్లిక వస్త్రములలో ముఖ్యమైనవి ఈజిప్టులో దొరకిన మేజోళ్లు. అవి 11వ శతాబ్దమునకును 14వ శతాబ్దమునకును నడుమ అల్లినవి. వానిలో పెక్కింటికి వాడినది ఊలు కాదు, నూలు. వేసిన రంగు నీలి. నూలును నీలియు మనకు కొత్తవి కావు గదా! పిమ్మట ఈ విద్య ఐరోపాలో వ్యాపించినది. 1589లో ఇంగ్లాండున విలియం లీ యనునతడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. నేడు తిరుప్పూరునుండి వచ్చు బనియనులును, లూధియానానుండి వచ్చు స్వెట్టరులును ఆ వంశములోనివే.

మన గోదావరి తీరమున నరసాపురపు స్త్రీలు అల్లు లేసు దీనికి సోదరివంటిది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఆ పనికి కొక్కెము గల ఒక్క సూదియే సాధనము. మునుపటి ఉచ్చు ముగిసినపిదపనే తరువాతి ఉచ్చు మొదలగును. నేను చెప్పబోవు అల్లికలో రెండు సూదులుండును. వరుసలోని ఉచ్చులన్నియు ఒక సూదిమీదనుండి రెండవదాని మీదికి నడచును.

అల్లికలో అక్షరములు రెండే: ప్లెయిను, పర్లు. ఉత్తరదేశమున వీనినే సీధా, ఉల్టా అందురు. దారమును వెనుక నుంచి ఉచ్చును ముందుకు లాగినచో ప్లెయిను. ముందుంచి వెనుకకు లాగినచో పర్లు. ఒక ముఖమున ప్లెయినుగా కనబడునది రెండవ ముఖమున పర్లుగా కనబడును. ఈ రెండక్షరములతోనే వందలకొలది మాదిరులు వ్రాయబడినవి.

వానిలో నాకు ప్రియమైనవి నాలుగు. మొదటిది రెండు ప్లెయిను, రెండు పర్లుగా నడచు గీతల మాదిరి. దీనికి సాగుడు ఎక్కువ. మణికట్టునకు, మెడకు, నడుమునకు దీనిని మించినది లేదు. రెండవది ఒక ప్లెయిను, ఒక పర్లు చొప్పున అల్లి, మరుసటి వరుసలో వానిని తారుమారు చేయునది. ఇది పెసరగింజలు పరచినట్లుండును, అంచులు చుట్టుకొనవు. ఈ రెంటికిని కన్ను కొంచెము చాలును, చెవితో పనియే లేదు. కావున రేడియోలో నాటకము వచ్చు వేళ నా చేతిలో ఈ రెంటిలో నొకటి యుండును.

మూడవది జడ. ఆరు ఉచ్చులలో మూడింటిని చిన్న సూదిమీద ప్రక్కకు నిలిపి, తక్కిన మూడింటిని ముందుగా అల్లి, పిదప నిలిపినవానిని అల్లినచో ఒక పాయ మరియొక పాయను దాటును. ఆడపిల్లలకు జడ వేసిన చేతికి దీనిని ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు.

నాలుగవది స్కాట్లండునకు ఉత్తరమున నున్న షెట్లండు దీవులనుండి వచ్చిన అలల మాదిరి. దీనిలో లెక్క ముచ్చటైనది. ఉచ్చులను 18 చొప్పున భాగించుకొనవలెను. ఒక వరుస ప్లెయిను, ఒక వరుస పర్లు. మూడవ వరుసలో రెండేసి ఉచ్చులను కలిపి ఒకటిగా మూడు మారులు అల్లవలెను. పిమ్మట సూదిమీద దారమును ఒక చుట్టు వేసి ఒక ప్లెయిను అల్లుట ఆరు మారులు చేయవలెను. మరల రెండేసి కలిపి మూడు మారులు. నాలుగవ వరుస ప్లెయిను. కలిపినందువలన ఇరుప్రక్కల మూడేసి చొప్పున ఆరు ఉచ్చులు తగ్గినవి. చుట్లవలన నడుమ ఆరు పెరిగినవి. మొత్తము 18 పదునెనిమిదిగనే నిలిచినది. తగ్గిన చోట బట్ట క్రిందికి వంగును, పెరిగిన చోట పైకి ఉబుకును. అల యట్లు పుట్టుచున్నది. దీనిని అల్లునప్పుడు మాత్రము రేడియో కట్టివేయుదును. నాటకములోని మాటలును ఈ లెక్కయు ఒక తలలో ఇముడవు.

మాదిరి ఎంత చక్కనిదైనను కొలత తప్పినచో స్వెట్టరు పెట్టెలోనే ఉండిపోవును. ఇచట నమూనా ముక్క అక్కరకు వచ్చును. 8వ నంబరు సూదులు, అనగా 4 మిల్లీమీటర్ల మందముగలవి, తీసికొని, నాలుగు ప్రక్కల 12 సెంటీమీటర్లకు తగ్గని ముక్క నల్లి, ఉతికి ఆరవేసి, దాని నడుమ 10 సెంటీమీటర్లలో ఎన్ని ఉచ్చులున్నవో లెక్కింపవలెను. పుస్తకములో 22 అని యుండి, 90 సెంటీమీటర్ల చుట్టునకు 198 ఉచ్చులని వ్రాసియుండవచ్చును. మీ చేయి కొంచెము వదులై 20 మాత్రమే వచ్చినదనుకొనుడు. అప్పుడా 198 ఉచ్చులు 99 సెంటీమీటర్లగును. ముక్కలో కంటికి ఆనని రెండు ఉచ్చుల తేడా స్వెట్టరులో 9 సెంటీమీటర్లయినది! వదులైనచో సన్నని సూదులు, బిగువైనచో లావు సూదులు తీసికొనవలెను. ఒక సంగతి జ్ఞాపకముంచుకొనుడు: మన బజారులలో దొరకు సూదుల పాత నంబరులలో నంబరు పెరిగినకొలది సూది సన్నమగును. 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు, 14వది 2 మిల్లీమీటర్లు.

ఇక నా సూదులమీద ప్రస్తుతమున్న పనులు మూడు. మొదటిది ఒక పసికందు టోపీ. పుట్టిన తొలిదినములలో, అందులోను తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు, తలనుండి వేడిమి పోకుండ టోపీ వేయుమని వైద్యులు చెప్పుదురు. నవజాత శిశువు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. గీతల మాదిరి సాగును గనుక 72 ఉచ్చులతో, అనగా దాదాపు 33 సెంటీమీటర్లుగా మొదలిడితిని. రిబ్బను, బొత్తాము, కుచ్చు ఏదియు పెట్టను. పసివాని చేతికిని నోటికిని చిక్కునది ఏదియు దానిపై ఉండరాదు. రెండవది అలల మాదిరిలో నూలు శాలువ. పదునెనిమిదేసి అయిదు భాగములు 90. అంచులకు మూడేసి చొప్పున ఆరు. మొత్తము 96 ఉచ్చులు. చల్లని గాలి విడుచు రైలుపెట్టెలో రాత్రి భుజములపై కప్పుకొనుటకు ఇది తగినది. మూడవపనిని చెప్పుటకు ముందు ఊలుపెట్టె సంగతి చెప్పవలెను.

అల్లిక తెలిసిన ప్రతి యింటను ఒక పెట్టె ఉండును. అందులో కొన్నది కొంత, మిగిలినది కొంత, ఎవరో యిచ్చినది కొంత. ఏ ఉండ ఏ జాతిదో తెలియనిచో ఆ పెట్టె బరువే గాని ఆస్తి కాదు. చీటీ లేని దారమునుండి జానెడు తుంచి, పట్టకారుతో పట్టి, నీళ్లగిన్నెపై వెలిగించి చూడుడు. అసలైన ఊలు వెండ్రుక కాలిన వాసన వేసి, తనంత తానే ఆరి, నలిపిన పొడియగు బూడిదను విడుచును. నూలు కాగితమువలె కాలును. అక్రిలిక్కు కరగి, గట్టి నల్లని పూసయగును. ఊలు తన బరువులో దాదాపు 30 శాతము తేమను పీల్చియు తడి యనిపింపదు. కాని వేడినీటిలో నలిపినచో దాని పొలుసులు పెనవేసికొని దళసరియై ముడుచుకొనును. అక్రిలిక్కు ఉతుకుటకు సులభము. నిప్పు దగ్గరకు పోవువారికి మాత్రము తగదు.

కొనునప్పుడు చీటీమీద రంగుపేరుతోపాటు ఏ కాగులో అద్దినదో తెలుపు అంకెను గూడ చూడవలెను. పేరొక్కటే యయినను కాగు మారినచో ఛాయ మారును. పని మొత్తమునకు సరిపడునంత ఒకేమారు కొనుట మేలు. నా పెట్టెలో ఒక చిన్న పుస్తకము కలదు. అందు ఉండ బరువు, జాతి, కాగు అంకె, తగిన సూది నంబరు వ్రాసి, జానెడు దారమును ప్రక్కన కట్టియుంచుదును. మురికి, చెమట ఉన్న ఊలునకే చిమ్మటపురుగు ముందుగా పట్టును. కావున ఉతుకక దాచరాదు. ఎండిన వేపాకు మన యిండ్లలోని పాత పద్ధతి; కాని ఏటికి రెండు మారులు పెట్టెను దులిపి గాలి తగులనిచ్చుట అంతకన్న ముఖ్యము.

పోయిన యేడు అట్లు దులుపుచుండగా మా అత్తగారి ముదురు ఎరుపు స్వెట్టరు పైకి వచ్చినది. ఆమె తన చేత అల్లుకొని, చివరి చలికాలమువరకు తొడిగినది. మోచేతులు చిరిగినవి; ఒక ప్రక్క పురుగు తొలిచిన రంధ్రములు రెండు కనబడినవి. దానిని విప్పి, ఢిల్లీలోనున్న మా నాలుగేండ్ల మనుమరాలికి అల్లుదునని నేననగా మా ఆడబిడ్డ ఒప్పుకొనలేదు. “అమ్మ చేతి పని కదా వదినా, విప్పడానికి నీకు చేతులెలా వస్తాయి?” అన్నది. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని పెట్టెలో నున్నచో దానికి మిగిలిన వారసులు పురుగులే. అనేక దినములు ఆలోచించి, చివరకు ఆమెయే వచ్చి నా ప్రక్కన కూర్చుండి, ఉండ చుట్టినది.

విప్పు పద్ధతి తెలియనివారికై చెప్పుచున్నాను. ముందుగా లోపలి కుట్లను చూడవలెను. ముక్కల అంచులలో ఉచ్చులు తెగక తిరిగియున్నచో దారము ఒకటిగా వచ్చును. బట్టను కత్తిరించి కుట్టిన యంత్రపు స్వెట్టరులు తునుకలుగనే వచ్చును. వానిని ముట్టుకొని లాభము లేదు. కుట్లు విప్పి, అల్లిక ముగిసిన కొసనుండి లాగుచు, కుర్చీ వీపునకు చిలపగా చుట్టి, నాలుగు చోట్ల నూలుదారముతో వదులుగా కట్టవలెను. గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు వేసి నానబెట్టి, పిండక, నలుపక, క్రింద తేలికైన బరువు కట్టి నీడను వ్రేలాడదీసినచో వంకరలు పోయి దారము సూటియగును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో బట్టలకు రేషను వచ్చినపిదప, బ్రిటనులోని గృహిణులు పాత స్వెట్టరులను ఈ విధముగానే మార్చుకొనిరి.

విప్పుచుండగా మాకొక సంగతి తెలిసినది. ఎడమ చేయి లోపలి భాగమున, చంక క్రింద, దారము మరియొక ఛాయకు మారినది. ఊలు చాలకపోగా ఆమె వేరొక కాగుది కొని, అది ఎవరి కంటను పడని చోట పెట్టినది. అన్నేండ్లు ఆమెతో కాపురము చేసియు మేమెవ్వరము దానిని చూచియుండలేదు.

స్వెట్టరు మొత్తము 400 గ్రాములు తూగినది. చిరిగినది పోగా 330 దక్కినది. పిల్ల ఛాతీకి వదులు కలిపి 64 సెంటీమీటర్లు. నమూనా ప్రకారము 140 ఉచ్చులు. తక్కిన కొలతలకు 1910లో ఇంగ్లాండున జన్మించి, అమెరికాలో స్థిరపడి పేరొందిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ నేర్పిన పద్ధతిని అనుసరించితిని: ఛాతీ ఉచ్చులలో అయిదవ వంతు మణికట్టునకు, మూడవ వంతు భుజము దగ్గరి చేతికి. అనగా 28, 46. ఈ లెక్క తెలిసినచో ప్రతి పిల్లకును వేరొక పుస్తకము వెదుకనక్కరలేదు.

ఇప్పుడు వీపు ముగిసినది, ముందుభాగము సగమైనది. అంచనా ప్రకారము 230 గ్రాములు పట్టును. మిగిలిన నూరు గ్రాములు టోపీకిని మేజోళ్లకును వచ్చును. రెండవ ఛాయ దారమును దాచలేదు. రెండు మణికట్టులకును దానినే పెట్టదలచితిని. మనుమరాలు పెరిగి అది బిగువైననాడు ముగింపు కొస ఎచట నున్నదో సులభముగా దొరకునట్లు, మెడ లోపల ఒక తెల్లని నూలుముడి వేసియుంచుదును.