సొరుగులో బంగారం

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నారు మన పెద్దలు. మనుషుల చపలబుద్ధిని చూసి నవ్వుతూ అన్న మాట అది. ఈ కాలంలో అదే పెద్ద వ్యాపారసూత్రమై కూర్చున్నది!

తరగతిలో ఎప్పుడైనా “మాటు వేయడం” అన్న మాట వస్తే మా విద్యార్థులు తెల్లమొహాలు వేస్తారు. చిల్లిపడిన బిందెకు ముక్క అతికి మళ్ళీ నీళ్ళకు పనికివచ్చేటట్టు చేయడమే మాటు వేయడమని విడమరచి చెప్పవలసి వస్తుంది. మాట్లు వేసేవాడూ, కళాయి పూసేవాడూ, గొడుగులు బాగుచేసేవాడూ చాలా వీధుల్లో ఇప్పుడు కనిపించరు. వారి వెనకనే ఆ మాటలూ వెళ్ళిపోతున్నాయి. బాగుచేసుకునే అలవాటు పోతే భాషకు కూడా నష్టమేనని తెలుగు చెప్పుకుని బతికే నాబోటిదానికి తోస్తుంది.

మా యింట్లో మనుషులం నలుగురం, ఫోన్లు తొమ్మిది! నాలుగు చేతుల్లో వున్నాయి. తక్కిన అయిదూ బీరువా సొరుగులో విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఏది దేనిదో ఎవరికీ తెలియని చార్జర్లు సంచీడు వున్నాయి. మీ యింటి లెక్క ఇంతకంటే మరీ భిన్నంగా వుంటుందనుకోను.

ఈ లెక్కనే లోకమంతటికీ వేసి, 2024లో ఒక నివేదిక ప్రకటించారు ఐక్యరాజ్యసమితి సంస్థలవారు. 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులట. అందులో పద్ధతిప్రకారం సేకరించి, శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చింది నూటికి 22 పాళ్ళు మాత్రమే. మరి మిగిలినదంతా ఏమయినట్టు?

కొంత మన సొరుగుల్లోనే వుంది. కొంత మామూలు చెత్తలో కలిసిపోయింది. కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరుతున్నది. అక్కడ పాత పరికరాలను సుత్తులతో పగలగొడతారు. తీగెలను తగలబెట్టి రాగి తీస్తారు. సర్క్యూట్ పలకలను ఆమ్లంలో ముంచి లోహాలు రాబడతారు. ఆ పొగ పీల్చేదీ, ఆ ఆమ్లంలో చేతులు పెట్టేదీ పొట్టకూటికోసం వచ్చిన కూలివాళ్ళే. పాత పరికరాల్లో సీసం వుంటుంది. అది ఒంట్లో చేరితే పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన పిల్లవాడి కొత్త ఫోనుకు మనం కట్టిన సొమ్ము సగమే. తక్కిన సగం ఎవరి పిల్లవాడో కడుతున్నాడన్నమాట.

ఇంతకూ ఆ చెత్తలో ఏముందని అంత తాపత్రయం? బంగారం! పది లక్షల ఫోన్లనుంచి సుమారు 34 కిలోల బంగారం వస్తుందని అంచనా. ఆశపడకండి. ఆ లెక్కన కాసు బంగారం కావాలంటే దాదాపు 240 ఫోన్లు పోగుచేయాలి! ఒక్కొక్క యింట్లో అది ఎందుకూ కొరగాదుగాని, దేశమంతా కలిస్తే నిధి అవుతుంది. జపానువారు 2017నుంచి 2019దాకా ప్రజలవద్ద 62 లక్షల ఫోన్లూ, ఇంకా ఎన్నో చిన్న పరికరాలూ సేకరించి, 32 కిలోల బంగారంతోపాటు వెండి, కంచు తీశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నీ వాటితోనే చేశారు. మన పి.వి. సింధు అక్కడ గెలుచుకున్న కంచు పతకం ఒకనాడు ఎవరి సొరుగులోదో!

తప్పంతా కొనేవారిదే అనడం న్యాయం కాదు. 1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో కూడబలుక్కుని, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. వస్తువు త్వరగా పోతేనే వ్యాపారం సాగుతుందన్న ఆలోచనకు నూరేళ్ళు నిండాయి. వయస్సు మీదపడిన తరువాతైనా బుద్ధి మారలేదు!

ఈమధ్య మా అబ్బాయి, “అమ్మా, ఛార్జింగు నిలవడంలేదు. రెండేళ్ళయింది, మార్చేద్దాం” అన్నాడు. అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్టుకు తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు విప్పి చూసి, “ఫోనుకేం కాలేదు మేడమ్. బ్యాటరీ మారిస్తే ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. కాకపోతే జిగురుతో అంటించారు, ఊడదీయడమే కష్టం” అన్నాడు. అరగంటలో పని అయింది. కొత్త ఫోను ధరలో పదోవంతు కూడా కాలేదు. “మొత్తానికి మాటు వేయించావన్నమాట!” అని నవ్వారు మావారు.

అబ్బాయి మాత్రం నవ్వలేదు. “పనిచేయదని కాదమ్మా, కాలేజీలో అందరూ ముందు చూసేది ఫోనునే” అన్నాడు. వాడి బాధ అబద్ధం కాదు. చేతిలోని వస్తువును బట్టి మనిషికి విలువ కట్టడం పిల్లలు ఎక్కడో నేర్చుకున్నది కాదు. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో మనం మాట్లాడుకునే మాటలు విని నేర్చుకున్నదే. బ్యాటరీ మార్చినంత సులువుగా దీన్ని మార్చడం కుదరదు.

చట్టం వుంది. 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, తయారుచేసినవారే పాత సరుకు శుద్ధికి బాధ్యత వహించాలి. పలకలనుంచి లోహాలను హాని లేకుండా తీసే పద్ధతులను హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధనాలయంలో రూపొందించారు. కాని మన సొరుగు తెరవవలసింది మనమే. పాత ఫోనులోని ఫోటోలు, లెక్కలు చెరిపివేసి, ప్రభుత్వ అనుమతి వున్న శుద్ధిదారులకే అప్పగించండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు, నిప్పు అంటుకుంటుంది.

దసరాకీ దీపావళికీ బేరాల ప్రకటనలు రానేవస్తాయి. డబ్బు తీసేముందు యింటిల్లిపాదీ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: “ఉన్నదానికి ఏమయింది?”